తెర ఎక్కడ నిలకడగా ఉంది?

రంజాన్ ముగిసి పక్షం రోజులైనా గడవకముందే మా ఇంటి ల్యాప్‌టాప్ తెర రెపరెపలాడటం మొదలుపెట్టింది. తొలుత ఎప్పుడో ఒకసారి, రెప్ప వేసి తీసినట్లు వెలుగు తగ్గి మళ్ళీ వచ్చేది. ఎవరమూ పెద్దగా పట్టించుకోలేదు. నాలుగైదు రోజులు గడిచేసరికి అది గాలిలో పెట్టిన దీపంలా తయారయింది. ఒకప్పుడు తెర మీద అడ్డగీతలు పరుగెత్తేవి. మరొకప్పుడు మొత్తం నల్లబడిపోయి, కొన్ని క్షణాల తర్వాత దానంతట అదే వెలిగేది.

ఆ ల్యాప్‌టాప్ వయసు అయిదేళ్ళు. మా పెద్దబ్బాయి దమ్మామ్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు చెల్లెలి చదువుకు పనికివస్తుందని తెచ్చిపెట్టాడు. ఆ చెల్లెలు ఇప్పుడు డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. ప్రాజెక్టు నివేదిక సమర్పించడానికి అప్పటికి 12 రోజుల గడువు మిగిలి ఉంది. ఇంట్లో మరో కంప్యూటరు లేదు. పట్టికలు, పటాలతో కూడిన 60 పేజీల నివేదికను ఫోనులో సరిదిద్దడం ఎంత యాతనో ప్రయత్నించినవారికే తెలుస్తుంది.

మొదటి అనుమానం విండోస్ మీదికి పోయింది. తెర మినుకుమనడం మొదలవడానికి ముందు రాత్రే ఒక పెద్ద అప్‌డేట్ వచ్చి ఉండటమే దానికి కారణం. మా అమ్మాయి తన స్నేహితురాలిని అడిగి డిస్‌ప్లే డ్రైవర్‌ను పాత కూర్పుకు మళ్ళించింది. ఆశ్చర్యం, ఆ రోజు తెర కుదుటపడింది. మరునాడు కూడా బాగానే ఉంది. మూడోనాటి ఉదయం మళ్ళీ పాత కథే. ఈ రెండు రోజుల నిలకడ మమ్మల్ని ఎంత తప్పుదారి పట్టించిందో తర్వాత మనవి చేస్తాము.

ఆ సాయంత్రం బజారులోని ఒక మరమ్మతు దుకాణానికి తీసుకువెళ్ళాము. దుకాణదారు మూత తెరిచి ఒక్క నిమిషం చూశారు. స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకోలేదు. "డిస్‌ప్లే పోయింది సాబ్. ప్యానెల్ మార్చాల్సిందే. 6,500 అవుతుంది" అన్నారు. మేము తటపటాయించడం చూసి, "అయిదేళ్ళ మిషన్‌కు అంత పెట్టడం దండగ. కొత్తది తీసుకోండి, నెలనెలా కట్టుకోవచ్చు" అని ఒక కాగితం ముందుకు జరిపారు. ఆ నెలవారీ వాయిదాలలో వడ్డీ ఎంత కలిసిందో ఆ కాగితంలోనే ఉంది. వడ్డీ వ్యవహారానికి మా ఇంట్లో చోటు లేదు కనుక ఆ మాట అక్కడితో ఆగిపోయింది. రొక్కంతో కొనాలంటే చిన్నవాడి కాలేజీ ఫీజుకని దాచిన సొమ్ము తీయాలి. ప్యానెల్ మార్పించినా అందులోంచే తీయాలి. పైగా, ప్యానెల్ మార్చిన తర్వాత కూడా తెర మినుకుమంటే ఏమిటని అడిగితే ఆయన దగ్గర సమాధానం లేదు.

ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకొని ఇంటికి వచ్చేశాము. ఇషా నమాజు తర్వాత మా చెల్లెలి కుమారునికి ఫోను చేశాము. అతడు బెంగళూరులో ల్యాప్‌టాప్‌ల మరమ్మతు పనిలో ఉన్నాడు. సంగతంతా విని అతడు ఒకే మాట అన్నాడు: "తెర ఎక్కడ బ్లింక్ అవుతోందో అందరూ చూస్తారు మామూ. ఎక్కడ బ్లింక్ కావడం లేదో మీరు చూడండి."

ఆ మాట పట్టుకొని ఒక గంట కూర్చుంటే, మాలో ఎవరమూ ఇంజనీర్లం కాకపోయినా, తప్పు ఎక్కడుందో చాలావరకు తేలిపోయింది.

బొమ్మ నడిచే దారి

తెర మీద కనిపించే బొమ్మ తెరలో పుట్టదు. ల్యాప్‌టాప్ అడుగుభాగంలో, మీటల కింద ఉండే మదర్‌బోర్డు మీద గ్రాఫిక్స్ భాగం ఆ బొమ్మను తయారుచేస్తుంది. దానికి ఏం చేయాలో విండోస్ చెబుతుంది. ఆ ఇద్దరి మధ్య దుబాసీ వంటిది డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం. తయారైన బొమ్మ సన్నని కేబుల్ గుండా, మూత తిరిగే కీలు పక్కనుంచి పైకెక్కి ప్యానెల్‌కు చేరుతుంది. సాధారణ తెరలలో సెకనుకు 60 సార్లు బొమ్మ కొత్తగా వేయబడుతుంది. ప్యానెల్ వెనుక వరుసగా చిన్న చిన్న ఎల్‌ఈడీ దీపాలు ఉంటాయి. వాటి వెలుగు లేకపోతే బొమ్మ ఉన్నా మన కంటికి కనబడదు. ఆ దీపాలకు కావలసిన కరెంటు, వెలుగు ఎంత ఉండాలన్న ఆజ్ఞ కూడా ఆ కేబుల్‌లోనే వెళతాయి.

ఇంటి మీది ట్యాంకు నుంచి కుళాయి దాకా నీళ్ళు రావడం వంటిదే ఇది. కుళాయిలో నీళ్ళు ఆగి ఆగి వస్తుంటే కుళాయి మార్చేవారు ఉన్నారు. ట్యాంకులో నీళ్ళున్నాయా, మధ్యలో పైపు నలిగిందా అని చూసేవారు కొందరే. దుకాణదారు చెప్పింది కుళాయి మార్చమని.

తెర మినుకుమనడానికి ఏదో ఒక ప్రోగ్రాం కారణం కావచ్చు, డ్రైవర్ కావచ్చు, గ్రాఫిక్స్ భాగం కావచ్చు, కేబుల్ కావచ్చు, ప్యానెల్ కావచ్చు. ఛార్జర్ కూడా కావచ్చు. మొదటి రెండింటికి పైసా ఖర్చు లేదు. కేబుల్‌కు కొద్దిపాటి ఖర్చు. ప్యానెల్‌కు అంతకు అనేక రెట్లు. మదర్‌బోర్డు అయితే పాత యంత్రానికి ఆశ వదులుకోవలసినంత. లక్షణం ఒకటే, ఖర్చులలో ఇంత తేడా. ఏమీ పరీక్షించకుండా ఖరీదైన చోటునుంచి మొదలుపెట్టడం ఎవరికి లాభమో పాఠకులే ఊహించగలరు.

పరీక్షలకు ముందు మా మేనల్లుడు ఒక షరతు పెట్టాడు. తెర ఏ క్షణాన పూర్తిగా ఆరిపోతుందో తెలియదు కాబట్టి, అది వెలుగుతున్నప్పుడే ముఖ్యమైన ఫైళ్ళన్నీ వేరే చోటికి చేర్చుకోవాలి. మా అమ్మాయి నివేదికను ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, మరో ప్రతిని తన మెయిల్‌కే పంపుకొంది. ఆ తర్వాతే మిగతా పని.

మొదటి రెండు పరీక్షలు

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ ఒకేసారి నొక్కితే విండోస్‌లో టాస్క్ మేనేజర్ అనే కిటికీ తెరుచుకొంటుంది. మిగతా తెర మినుకుమంటూ ఈ కిటికీ మాత్రం నిలకడగా ఉంటే ఏదో ఒక ప్రోగ్రాం విండోస్‌తో పొసగడం లేదన్నమాట. ఇటీవల ఎక్కించిన వాటిని ఒక్కొక్కటిగా తొలగించి చూడాలి. ఈ కిటికీ కూడా తెరతో పాటే మినుకుమంటే డ్రైవర్‌ను అనుమానించాలని విండోస్ తయారుచేసిన మైక్రోసాఫ్ట్ సంస్థే చెబుతోంది. మా తెరలో అన్నీ కలిసే మినుకుమన్నాయి. అయితే కేబుల్ పాడైనా, ప్యానెల్ పాడైనా కూడా అన్నీ కలిసే మినుకుమంటాయి కదా! కనుక ఈ పరీక్ష ప్రోగ్రాంలను మాత్రమే తప్పించింది. ఇక్కడే ఆగిపోయి డ్రైవర్ల వెంట పడి రోజులు పోగొట్టుకొనేవారు చాలామంది. మేమూ వారిలో ఒకరమే.

రెండో పరీక్ష అంతకంటె విలువైనది. ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, మళ్ళీ పవర్ మీట నొక్కిన వెంటనే ఒక ప్రత్యేకమైన మీటను వరుసగా తడితే బయోస్ అనే సాదా తెర వస్తుంది. చాలా వాటిలో ఆ మీట ఎఫ్2, కొన్నిటిలో ఎఫ్10, ఇంకొన్నిటిలో డిలీట్. ఈ తెర వచ్చే సమయానికి విండోస్ ఇంకా మేల్కొనదు. విండోస్ డ్రైవర్ రంగంలోకి దిగదు. కనుక బయోస్ తెర కూడా మినుకుమంటే తప్పు విండోస్‌ది కాదు, డ్రైవర్‌ది కాదు, యంత్రభాగాలది. అక్కడ ఏ అమరికనూ ముట్టకూడదు. అయిదు పది నిమిషాలు ఊరకే చూసి, ఏదీ భద్రపరచకుండా ఎస్కేప్ మీటతో బయటికి రావాలి.

మా తెర బయోస్‌లోనూ మినుకుమంది. అప్‌డేట్ మీద మేము వేసిన నింద ఆ క్షణాన తొలగిపోయింది.

బయోస్‌లో నిలకడగా ఉండి, విండోస్ రాగానే మినుకుమనే తెరలు ఉన్నవారికి కొన్ని మాటలు. విండోస్ మీట, కంట్రోల్, షిఫ్ట్, బి మీటలు నాలుగూ కలిపి నొక్కితే తెర ఒక్కసారి నల్లబడి గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తగా మొదలవుతుంది. తాత్కాలికమైన తికమక అయితే దానితో సర్దుకొంటుంది. సర్దుకోకపోతే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఉన్న పేరును తెరిచి, డ్రైవర్ అన్న పుటలో రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కవచ్చు. పాత కూర్పు యంత్రంలో నిలిచి లేకపోతే ఆ మీట పనిచేయదు. అప్పుడు ల్యాప్‌టాప్ తయారీదారుల వెబ్‌సైటు నుంచి మీ మోడల్‌కు చెందిన డ్రైవర్‌ను తెచ్చుకోవాలి. డ్రైవర్లను దానంతట అదే సరిచేస్తానని ప్రకటించుకొనే ఏ ప్రోగ్రాంనూ ఎక్కించుకోవద్దు. అవి తెచ్చిపెట్టే తలనొప్పి తెర మినుకు కంటె పెద్దది.

అసలు దోషమే కాని మినుకు కూడా ఒకటుంది. మా ఎదురింటి సోదరి తన ల్యాప్‌టాప్‌లో తెల్లని పేజీ నుంచి నల్లని పేజీకి మారినప్పుడల్లా వెలుగు ఎగిరిపడుతోందని, అదీ ఛార్జర్ తీసినప్పుడే అని చెప్పారు. బ్యాటరీ ఆదా చేయడానికి తెరలోని బొమ్మను బట్టి వెలుగును తగ్గించి పెంచే ఏర్పాటు అది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే, అక్కడ బ్రైట్‌నెస్ పక్కన ఉండే బాణం గుర్తును తెరిచి, బొమ్మను బట్టి వెలుగు మార్చే ఆ అమరికను ఆపివేయగానే ఆమె సమస్య తీరిపోయింది. అదే డిస్‌ప్లే పుటలో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే అన్నచోట రిఫ్రెష్ రేట్ ఉంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌లు కొన్ని 60కి, 120కి మధ్య తమంతట తామే మారుతుంటాయి. మారిన ప్రతిసారీ తెర ఒక్క కుదుపు కుదుపుతుంటే, ఏదో ఒక అంకె దగ్గర స్థిరపరచి చూడాలి.

టీవీ చెప్పిన సాక్ష్యం

మూడో పరీక్షకు మా ముందుగది టీవీ పనికివచ్చింది. సెట్‌టాప్ పెట్టె నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ ఊడదీసి ల్యాప్‌టాప్‌కు తగిలించి, విండోస్ మీటతో పాటు పి నొక్కి, డూప్లికేట్ అన్నదాన్ని ఎంచుకొన్నాము. ఒకే బొమ్మ రెండుచోట్లా వచ్చింది. ల్యాప్‌టాప్ తెర మినుకుమంటూనే ఉంది. టీవీ మీది బొమ్మ మాత్రం అరగంట సేపు చూసినా చెక్కుచెదరలేదు.

దాని అర్థం పెద్దది. బొమ్మను తయారుచేసే గ్రాఫిక్స్ భాగం ఆరోగ్యంగా ఉంది. టీవీ కూడా మినుకుమని ఉంటే మదర్‌బోర్డు మీదికి అనుమానం పోయేది. ఇక మిగిలింది కీలు పక్కనుంచి పోయే కేబుల్, ప్యానెల్. మధ్యలో అవి రెండూ కలిసే చోటు.

ఈ పరీక్షతో మాకు కలిగిన అసలు మేలు వేరొకటి. గడువు బరువు ఆ రాత్రే దిగిపోయింది. మా అమ్మాయి టీవీ ముందు చిన్న పీట వేసుకొని, ల్యాప్‌టాప్‌ను మూతతో సహా ఒక పక్కకు పెట్టి, నివేదిక పని తిరిగి ప్రారంభించింది. తన సీరియల్ పోయిందని వాళ్ళ నానీ మొదట కినుక వహించింది గాని, మరుసటి రోజుకు మనవరాలి పటాలలోని రంగులు బాగున్నాయో లేదో చెప్పడంలో మునిగిపోయింది.

మిగిలిన రెండింటిలో దోషి ఎవరో తేల్చడానికి ఉపకరణాలేవీ అక్కరలేదు. ల్యాప్‌టాప్ వెలుగుతుండగా మూతను రెండు చేతులతో పట్టి చాలా నెమ్మదిగా ముందుకూ వెనక్కూ కదిలించాలి. కదలికతో పాటు మినుకు మారుతుంటే, ఒక కోణంలో ఎక్కువై మరో కోణంలో పూర్తిగా ఆగిపోతుంటే, కేబుల్ మీద అనుమానం బలపడుతుంది. కదలికతో ఏ సంబంధమూ లేకుండా, ఎప్పుడూ ఒకేచోట గీతలో మచ్చలో కనిపిస్తుంటే ప్యానెల్ మీద. తెర పూర్తిగా నల్లబడినప్పుడు గదిలో దీపం ఆర్పి, ఫోను టార్చిని తెర మీదికి ఏటవాలుగా వేసి చూస్తే బొమ్మ మసకగా కనిపించవచ్చు. అలా కనిపిస్తే బొమ్మ వస్తున్నదే గాని వెనుక దీపాలకు కరెంటు అందడం లేదని తెలుసుకోవాలి.

మా తెర సగం తెరిచిన కోణంలో నిశ్చలంగా నిలిచింది. మరికొంచెం వెనక్కి వాల్చగానే రెపరెపలాడింది. ముందుకు తెస్తే మళ్ళీ ఆగింది. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ అంతే.

అప్పుడు మా అమ్మాయి ఉన్నట్టుండి, "అబ్బాజాన్, ఆ రెండు రోజులూ నేను ల్యాప్‌టాప్‌ను బల్ల మీంచి కదపనే లేదు!" అంది. నిజమే. డ్రైవర్ మార్చిన తర్వాత, ఎక్కడ మళ్ళీ చెడిపోతుందోనన్న భయంతో ఆమె దాన్ని మూయలేదు, జరపలేదు. మూత ఒకే కోణంలో నిలిచిపోయింది. మూడో రోజు ఉదయం ఇల్లు ఊడ్చేటప్పుడు ఎవరో తీసి మంచం మీద పెట్టారు. డ్రైవర్ మార్పిడి ఏమీ చేయలేదు. దానితో పాటు మారిన మా జాగ్రత్తే ఆ రెండు రోజులు తెరను నిలబెట్టింది. ఒకేసారి రెండు మార్పులు జరిగినప్పుడు ఏది పనిచేసిందో తెలియదన్న చిన్న సూత్రం మాకు అప్పటికి తోచలేదు.

మరో ఆనవాలు కూడా కళ్ళెదుటే ఉండగా మేము చూడలేదు. ఆన్‌లైన్ క్లాసులలో కొన్ని వారాలుగా ఆమె కెమెరా అప్పుడప్పుడు మాయమవుతోంది. ఇంటర్నెట్ దోషమనుకొన్నాము. తెర అంచున ఉండే కెమెరాకు వెళ్ళే సన్నని తీగలు చాలా ల్యాప్‌టాప్‌లలో ఈ డిస్‌ప్లే కేబుల్‌తోనే కలిసి కీలు పక్కనుంచి పైకి వెళతాయి. తెరా కెమెరా రెండూ కలిసి తికమకపడుతుంటే ఆ కీలు దగ్గర చూడమని అర్థం.

ఇంతకూ కీలు దగ్గర ఏమైంది? మూతను ఎప్పుడూ కుడిమూల పట్టుకొని ఒంటిచేత్తో తెరవడం మా ఇంట్లో అందరికీ అలవాటు. ఇలా ఏళ్ళ తరబడి చేస్తే బరువంతా ఒక కీలు మీదే పడుతుంది. దాని స్క్రూలు వదులవుతాయి. వదులైన కీలు కింద కేబుల్ ప్రతిసారీ నలుగుతుంది.

దుకాణంలో పాస్‌వర్డ్ ఎందుకు?

ఈసారి వేరొక దుకాణానికి వెళ్ళాము. ప్యానెల్ సంగతి ఎత్తకుండా, "బయోస్‌లోనూ మినుకుమంటోంది, టీవీలో బాగుంది, మూత కదిపితే మారుతోంది. ముందు కేబుల్ తీసి చూడండి" అన్నాము. అతడు మా ఎదుటే వెనుక మూత విప్పి, బ్యాటరీ కనెక్టర్‌ను ముందుగా వేరుచేశాడు. ఇది గమనించదగినది. బ్యాటరీ తగిలి ఉండగానే డిస్‌ప్లే కేబుల్‌ను ఊడదీసి పెడితే మదర్‌బోర్డు మీద తెర వెలుగుకు సంబంధించిన చిన్న ఫ్యూజు కాలిపోయే ప్రమాదం ఉంది. 1,000 రూపాయల పని అక్కడినుంచి పెద్ద పనిగా మారుతుంది. ఇంట్లో యూట్యూబ్ చూసి విప్పాలనుకొనే యువకులు ఈ ఒక్క సంగతి మరువరాదు.

కేబుల్ బయటికి వచ్చింది. కీలు దగ్గర దాని పైతొడుగు నలిగి తెల్లబారి ఉంది. ఆ మోడల్‌కు సరిపోయే కేబుల్ అతని దగ్గర లేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్ నుంచి తెప్పించాలి, నాలుగు రోజులు పడుతుంది, కేబుల్‌కు 850, పనికి 500 అన్నాడు. కేబుల్ మీద, వెనుక స్టిక్కర్ మీద ఉండే పార్ట్ నంబరును ఫోటో తీసి పంపితే తప్పు సరకు రాదని మా మేనల్లుడు ముందే చెప్పాడు. చూడటానికి ఒకేలా ఉన్నా 30 పిన్నులవి, 40 పిన్నులవి వేరువేరుగా ఉంటాయి.

"ఇక్కడే వదిలి వెళ్ళండి. పాస్‌వర్డ్ ఈ కాగితం మీద రాసివ్వండి" అన్నాడు. మేము ఇవ్వలేదు.

ఈ విషయం మీద కొంచెం ఆగవలసి ఉంది. మన ఇళ్ళలో ల్యాప్‌టాప్ అంటే చదువు సామగ్రి మాత్రమే కాదు. పెళ్ళి ఫోటోలు, ఆడపిల్లల ఫోటోలు, ఆధార్, పాస్‌పోర్టు, బ్యాంకు కాగితాలు అన్నీ అందులోనే ఉంటాయి. ఇంటి ఆడవారు పరాయివారి కంట పడరాదని ఎంతో జాగ్రత్త పడే కుటుంబాలు కూడా, వారి ఫోటోలన్నీ ఉన్న యంత్రాన్ని పాస్‌వర్డుతో సహా ముక్కుమొహం తెలియని దుకాణంలో నాలుగు రోజులు వదిలివస్తారు. దుకాణదారు మంచివాడు కాడని కాదు. అక్కరలేని తాళంచెవిని ఇవ్వడం దేనికన్నదే ప్రశ్న. కేబుల్ గాని ప్యానెల్ గాని మార్చిన తర్వాత తెర బాగుందో లేదో బయోస్‌లోనే చూడవచ్చు. దానికి మీ విండోస్ పాస్‌వర్డుతో పని లేదు. తప్పనిసరిగా విండోస్‌లోకి వెళ్ళవలసిన మరమ్మతు అయితే, ముందుగానే ఖాళీగా ఉండే వేరొక ఖాతాను సృష్టించి దాని పాస్‌వర్డు ఇవ్వవచ్చు. మేము ల్యాప్‌టాప్‌నే వదలలేదు. పాత కేబుల్‌నే తిరిగి బిగించమని చెప్పి, సరకు వచ్చాక ఫోను చేయమని ఇంటికి తెచ్చుకొన్నాము. టీవీ ఉంది కదా!

వారంటీ ఉన్నవారు మాత్రం బయట విప్పించే ముందు కంపెనీ సేవాకేంద్రాన్ని సంప్రదించాలి. ఎక్కడ చేయించినా బిల్లు తీసుకోవాలి. మార్చిన పాత భాగాన్ని అడిగి తీసుకోవాలి. తయారీదారులు మరమ్మతు వివరాలను వినియోగదారులకు ఒకచోట అందుబాటులో ఉంచేందుకు కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పేరిట ఒక పోర్టల్‌ను ప్రారంభించింది. మోసం జరిగిందనిపిస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో ఫోను చేయవచ్చు.

ఛార్జర్, కన్ను, బ్యాటరీ

మా సంగతి విన్న బంధువులు తమ తెరల సంగతులు చెప్పసాగారు. అందులో ఒకటి మరో రకం. మా ఆపా ఇంట్లో ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టినప్పుడు మాత్రమే వణికేది. తీసివేస్తే మామూలే. ఛార్జర్‌ను ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి తీసి గోడ ప్లగ్గులో నేరుగా పెడితే కొంత తగ్గింది. అదే వాటేజీ గల అసలు ఛార్జర్‌ను పక్కింటినుంచి అడిగి తెచ్చి పెడితే పూర్తిగా ఆగింది. అంతకుముందు వారు వాడుతున్నది ఫుట్‌పాత్ మీద కొన్న నకిలీ. అక్కడ కూడా వెతికింది అదే, తెర ఎక్కడ నిలకడగా ఉందని.

వెలుగు బాగా తగ్గించుకొని రాత్రివేళ పనిచేసేవారికి తలనొప్పి వస్తున్నదంటే దానికి మరో కారణం ఉండవచ్చు. కొన్ని తెరలు వెలుగు తగ్గించడానికి దీపాలను నిజంగా మసకబార్చవు. సెకనుకు వందలసార్లు ఆర్పి వెలిగిస్తాయి. కంటికి అది తెలియదు గాని కొందరి తలకు తెలుస్తుంది. ఫోను కెమెరాలో చూస్తే నల్లని పట్టీలు కదులుతూ కనిపిస్తాయి. ఆ పట్టీలు చూసి తెర పాడైందని కంగారుపడరాదు, ఆరోగ్యకరమైన తెరలోనూ కనిపించవచ్చు. తెర వెలుగును పైకి పెంచి, గదిలో దీపం వేసుకొని చదివితే వీరికి ఉపశమనం కలుగుతుంది.

కంటికి స్పష్టంగా తెలిసే మినుకు ముందు మాత్రం పిల్లలను గంటల తరబడి కూర్చోబెట్టవద్దు. 1997 డిసెంబరు 16న జపానులో ఒక టీవీ కార్టూనులో ఎరుపు, నీలం వెలుగులు వేగంగా మారి మారి మెరవడం చూసి 600 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. వారిలో అత్యధికులు పిల్లలే. వెబ్ పేజీలలో ఏదీ సెకనుకు మూడుసార్లకు మించి మెరవరాదన్న అంతర్జాతీయ నియమం ఇటువంటి ప్రమాదాన్ని దృష్టిలో ఉంచుకొన్నదే. ఇంట్లో మూర్ఛ లక్షణాలున్న పిల్లలుంటే అటువంటి తెరను వారికి దూరంగా ఉంచడం తప్పనిసరి.

మరొక హెచ్చరిక. ల్యాప్‌టాప్ బల్ల మీద సమంగా ఆనకుండా ఊగుతున్నా, టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినా, మూత సరిగా మూసుకోకపోయినా లోపలి బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. అప్పుడు తెర సంగతి పక్కన పెట్టి వెంటనే ఆపివేసి, ఛార్జర్ తీసివేసి, మరమ్మతుకు తీసుకువెళ్ళాలి. ఉబ్బిన బ్యాటరీని నొక్కరాదు, పొడవరాదు, ఛార్జింగ్ పెట్టరాదు. అది నిప్పు అంటుకొనే వస్తువు.

కేబుల్ చెప్పిన రోజుకు రాలేదు, అయిదో రోజున వచ్చింది. అప్పటికి నివేదిక మూడు వంతులు టీవీ మీదనే పూర్తయింది. దుకాణంలో మా ఎదుటే పని ముగిసింది. కీళ్ళ స్క్రూలు కూడా బిగించాడు, దానికి విడిగా ఏమీ అడగలేదు. బయోస్ తెరను పది నిమిషాలు వెలిగించి, మూతను పూర్తిగా వెనక్కి, పూర్తిగా ముందుకు ఆడించి చూశాము. ఎక్కడా వణుకు లేదు. మొత్తం 1,350 రూపాయలు. బిల్లుతో పాటు నలిగిన కేబుల్‌ను కూడా కాగితంలో చుట్టి ఇచ్చాడు.

గడువుకు రెండు రోజుల ముందే మా అమ్మాయి నివేదిక సమర్పించింది. ఇప్పుడు మా ఇంట్లో మూతను నడిమధ్య పట్టుకొని తెరుస్తున్నారు. మరచిపోయి ఎవరైనా మూల పట్టుకొంటే వంటింట్లోంచే నానీ కేక వేస్తోంది.